గోడల పండుగ

మా అత్తవారిల్లు నాంపల్లిలో. రైలు స్టేషనుకూ యూసుఫైన్ దర్గాకూ నడుమ ఒక గల్లీ అనుకోండి. పేరు చెప్పను. చెబితే, వచ్చే ఆదివారం మీరంతా చూడడానికి వస్తారు, మా ఇరుకు గల్లీలో నిలబడడానికి చోటుండదు.

ఇరవై యేళ్ళ క్రితం నేను కొత్తకోడలుగా వచ్చిన రోజున నన్ను ఆకట్టుకున్నది మా ఇంటి ఎదురుగా ఉన్న పొడుగాటి గోడ. దాని మీద వరుసగా వేంకటేశ్వరస్వామి పలక, దాని పక్కన మక్కా మదీనా పలక, ఆ పక్కన శిలువ, ఆ పక్కన షిర్డీ సాయిబాబా. ఆహా, ఎంత సర్వమత సామరస్యం అనుకుని పొంగిపోయాను. మా వారు నవ్వి అసలు సంగతి చెప్పారు. ఆ గోడ దగ్గర దారిన పోయే మగవాళ్ళు నిలబడకుండా ఉండేందుకు గల్లీ పెద్దలు చేసిన ఏర్పాటట అది! ఏ దేవుడికి జడుస్తాడో తెలియదు గనుక అందరు దేవుళ్ళనూ నిలబెట్టారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అయినా కొందరు జడవలేదు.

ఆ గోడకు గత డిసెంబరులో మేము పండుగ చేశాం. దాని కథే ఇది.

మొదలుపెట్టినది మా గల్లీ కుర్రవాళ్ళు. ఇంజనీరింగు చదివేవారు ఇద్దరు, మాసాబ్‌ట్యాంకు దగ్గర బొమ్మల కాలేజీలో చదివే అమ్మాయి ఒకతె, సెల్‌ఫోను దుకాణంలో పనిచేసే అబ్బాయి ఒకడు. "మేడమ్, మన గల్లీలో స్ట్రీట్ ఆర్ట్ ఫెస్టివల్ చేద్దాం" అన్నారు. తెలుగు ఎం.ఏ. చదివిన పాపానికి నేను ఊరుకోలేక "వీధి చిత్రకళోత్సవం అని పేరు పెడదాం" అన్నాను. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూలన బట్టలు ఇస్త్రీ చేస్తున్నాయన తలెత్తకుండానే "గోడల పండుగ అనుండ్రి" అన్నాడు. ఇరవై యేళ్ళుగా పిల్లలకు పాఠం చెబుతున్న నాకు తట్టని పేరు అది. అదే స్థిరపడింది.

ఇటువంటి పండుగలు లోకంలో కొత్త కాదు. ఇటలీలో గ్రాట్సీయె అనే పల్లెటూరు ఉన్నది. అక్కడి చర్చి ముందరి నేల మీద రంగుసుద్దలతో బొమ్మలు వేసేవారి పోటీ 1973లో మొదలైంది. యేటేటా ఆగస్టు 15న జరుగుతుంది. మేరీమాత బొమ్మలు ఎక్కువగా వేస్తారు కనుక ఆ చిత్రకారులను 'మదొన్నారి' అంటారు. దానిని చూసి వచ్చినవారు 1987లో అమెరికాలోని శాంటా బార్బరా ఊళ్ళో ఇటువంటిదే పెట్టారు. అక్కడొక మంచి కిటుకు ఉంది. చర్చి ముందరి నేలను గళ్ళుగా విడదీస్తారు. ఒక్కొక్క గడిని ఒక దుకాణమో ఒక కుటుంబమో డబ్బిచ్చి తీసుకుంటుంది. ఆ గడిలో చిత్రకారుడు బొమ్మ వేస్తాడు. వచ్చిన డబ్బు బడిపిల్లల కళావిద్యకు పోతుంది. ఈ సంగతి చదివి నేను నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్నాను, తర్వాత పనికివచ్చింది.

మన పక్కనే బెంగళూరులో 2003 నుంచీ 'చిత్రసంతె' జరుగుతున్నది. కర్ణాటక చిత్రకళా పరిషత్తు ముందరి కుమారకృపా రోడ్డును జనవరిలో ఒక ఆదివారం చిత్రకారులకు అప్పగిస్తారు. కూరగాయల సంతలాగా బొమ్మల సంత. ఢిల్లీలో 2014లో కొందరు యువకులు స్టార్ట్ ఇండియా అనే సంస్థ పెట్టి గోడల మీద పెద్ద పెద్ద చిత్రాలు వేయించడం ప్రారంభించారు. ఇంగ్లీషువాళ్ళ కాలంలో గుమాస్తాల కోసం కట్టిన లోదీ కాలనీ ఇళ్ళ గోడలన్నీ ఇప్పుడు చిత్రశాల. ఆ సంస్థవారే 2016లో మన హైదరాబాదుకు వచ్చారు. రాజ్‌భవన్‌కు వెనుక, హుసేన్‌సాగర్‌కు ఇవతల, ఎం.ఎస్. మఖ్తా అని ఒక బస్తీ ఉంది. దాని ఇళ్ళ గోడలమీద బొమ్మలు వేశారు. మన ఊరి చిత్రకారులు స్వాతి, విజయ్ కూడా ఆ పనిలో ఉన్నారు.

మా కుర్రవాళ్ళు నన్ను వెంటబెట్టుకుని మఖ్తా చూడడానికి వెళ్ళారు. కొన్ని గోడల మీద రంగు వెలిసింది. ఒక బొమ్మ మధ్యనుంచి కొత్తగా వేసిన నీళ్ళ పైపు పోయింది. ఒక బొమ్మ ముక్కు దగ్గర బట్టల తాడు కట్టారు. మా బొమ్మల కాలేజీ అమ్మాయి "అయ్యో" అంది. నాకు మాత్రం అయ్యో అనిపించలేదు. ఇల్లన్న తర్వాత బట్టలు ఆరేసుకోరా! గడపలో కూర్చుని బియ్యం ఏరుతున్న ఒకావిడను, బొమ్మలు వేసినందుకు మీకు సంతోషమేనా అమ్మా అని అడిగాను. "మంచిగనే ఉన్నయ్. ఫోటువలకు వస్తరు. ఒక్కోసారి మమ్ముల జరగమంటరు" అన్నది. ఆ మాట నేను మనసులో పెట్టుకున్నాను. ఎవరి గడపలో వారిని జరగమనే పండుగ మాకు వద్దు.

మా డాబా మీద తొలి సమావేశం జరిగింది. పద్దెనిమిది మంది వచ్చారు, చాయ్ ఇరవై ఆరు కప్పులు ఖర్చయింది. రెండు గంటలు మాట్లాడిన తర్వాత, గల్లీ మొదట్లో మిరపకాయ బజ్జీల బండి పెట్టే ఆవిడ లేచి, "రంగులేస్తరు సరే. మోరీ సంగతేంది?" అన్నది. ఎవరూ పలకలేదు. మోరీ సంగతి మాట్లాడడానికి మాలో ఎవరూ రాలేదు మరి. ఒక పెద్దమనిషి మాత్రం "అది వేరే విషయమమ్మా" అన్నారు. అది వేరే విషయం కాదని పదిరోజుల తర్వాత తెలిసింది.

ఇక నా తప్పు సంగతి చెప్పాలి.

పనులు పంచుకుంటూ ఒక జాబితా తయారైంది. చిత్రకారులు, అనుమతులు, విరాళాలు, చాయ్ నాష్తా, సహాయకులు, ఇలాగ. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని అందరూ కలిసి నాచేతనే రాయించారు. రాసి గల్లీ మూలన కరెంటు స్తంభానికి కట్టారు. 'సహాయకులు' అన్న శీర్షిక కింద నాలుగో పేరు మా చాచాది.

చాచా ఎవరో మీకు చెప్పలేదు గదూ. ఆయన మా గల్లీలో అందరికీ చాచాయే. డెబ్బైకి దగ్గర్లో ఉన్నారు. చిన్నతనంలో సినిమా బ్యానర్లు రాసే కార్ఖానాలో బూడిదరంగు కలపడంతో మొదలుపెట్టి, మొహాలు వేసేవరకూ ఎదిగి, తర్వాత సొంతంగా బోర్డులు రాసుకుని బతికారు. ఆబిడ్స్, నాంపల్లి, మొజంజాహీ మార్కెట్టు చుట్టుపక్కల ఒకప్పుడు కనిపించిన బోర్డుల్లో ఎన్ని ఆయన చేతివో లెక్కలేదు. ఆబిడ్స్ అన్న పేరే ఒక దుకాణం పేరు. ఆరో నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువులో ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆయన ఉండేవాడు. ఆయన పెట్టిన దుకాణం మీదుగా పేట మొత్తానికి ఆ పేరు వచ్చింది. బోర్డు పేటకు పేరుపెట్టగలిగిన చోట బోర్డులు రాసేవాడికి ఎంత గౌరవం ఉండాలి!

ఈ శతాబ్దం మొదట్లో ఫ్లెక్సీ వచ్చింది. చాచా మూడు రోజులు రాసే బోర్డును యంత్రం అరగంటలో అచ్చుకొట్టి ఇచ్చింది. మొదట సినిమా బ్యానర్లు పోయాయి, తర్వాత దుకాణాల బోర్డులు పోయాయి, చివరకు మోటారు బండ్ల నంబర్లు కూడా పోయాయి. ఆయన ఇంట్లో కూర్చున్నారు.

స్తంభానికి కట్టిన జాబితాను ఆయన ఆసాంతం చదివారట. పక్కనున్న కుర్రవాడితో "అక్షరాలు మంచిగున్నయ్ బిడ్డా" అని, ఇంటికి వెళ్ళిపోయారట. మర్నాటి సమావేశానికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఒంట్లో బాగాలేదేమోనని నేను అన్నాను. మా వారు పత్రిక మడిచి నా వంక చూసి, "ఒంట్లో కాదు. సహాయకుల కింద పేరు రాసింది నువ్వే గదా" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు. చెప్పినవాళ్ళు చెబితే, రాసినదాన్ని నేను. తరగతిలో పిల్లలకు శబ్దానికి ఉన్న శక్తి గురించి చెప్పే నాకు, ఒక్క మాట డెబ్బై యేళ్ళ మనిషిని ఏంచేస్తుందో తోచలేదు.

నిజానికి మాకు ముందే చేసి చూపినవారు ఉన్నారు. 2009లో బెంగళూరు నగరపాలక సంస్థ వీధిగోడల మీద బొమ్మలు వేయించాలనుకున్నప్పుడు సినిమా బ్యానర్ల పని పోయిన చిత్రకారులనే పిలిచింది. ఆ రోజుల్లోనే మద్రాసులో కూడా పోస్టర్లతో పాడైన గోడలను బ్యానర్ల కళాకారులచేత రంగులతో నింపించారు. పెద్ద గోడ మీద, పరంజా ఎక్కి, దూరంనుంచి చూసేవాడి కంటికి సరిపోయే కొలతతో బొమ్మ వేయడం ఎవరికి తెలుసు, వారికి కాక? ఎం.ఎఫ్. హుసేన్ కుర్రతనంలో బొంబాయిలో సినిమా హోర్డింగులు రాసిన మనిషే. ఆయన మన ఊళ్ళో సినిమాఘర్ అని ఒక మ్యూజియమే పెట్టాడు, పాత సంబంధం మరిచిపోలేక కాబోలు.

మర్నాడు సాయంత్రం చాచా ఇంటికి వెళ్ళాను. చాచీ కూర్చోమని చాయ్ ఇచ్చింది. ఆయన ఏమీ జరగనట్టే మా పిల్లల చదువుల సంగతి అడిగారు. నేను నేరుగా "చాచా, తప్పు నాది. చూసుకోకుండా రాశాను" అన్నాను. ఆయన కాసేపు చాయ్ ఊదుకున్నారు. తర్వాత మంచం కిందనుంచి ఒక రేకు డబ్బా లాగారు. అందులో నూనెగుడ్డలో చుట్టిన కుంచెలు, ఉడుత వెంట్రుకలతో చేసినవి, నూలుపోగంత సన్ననివి మొదలు బొటనవేలంత లావువి దాకా. పదేళ్ళకు పైగా వాడని కుంచెలను నెలకోసారి తీసి నూనె రాసి మళ్ళీ చుడుతున్నారట.

"చెయ్యి వణుకుతది టీచరమ్మా" అన్నారు. చాచీ లోపలినుంచి "గోడ వణకదు గద!" అన్నది. ఆయనకు నవ్వు వచ్చింది. ఆ నవ్వుతో నా గుండెమీద బరువు కొంత దిగింది.

ఆయన ఒక్క షరతు పెట్టారు. "మొదలు పోరగాండ్లు గోడ చదవాలె. మూడు దినాలు. ఆ తర్వాతనే డబ్బా మూత తీసేది."

గోడ చదవడం ఏమిటో మా ఇంజనీర్లకు తెలియదు, నాకూ తెలియదు. మర్నాడు చాచా గోడ వెంబడి నడుస్తూ వేలిముడుపులతో తట్టారు. కొన్నిచోట్ల గట్టిగా, కొన్నిచోట్ల డొల్లగా పలికింది. డొల్లగా పలికినచోట గిలాబు వదిలిందన్నమాట, దానిమీద ఎంత మంచి రంగు వేసినా పెచ్చుతో సహా ఊడుతుంది. తర్వాత నేలనుంచి మూరెడు ఎత్తువరకూ తెల్లగా ఉప్పు పూసినచోట వేలు పెట్టి నాలుకకు తాకించారు. "ఉప్పు. నీళ్ళు కిందికెల్లి ఎక్కుతున్నయ్. మోరీ పగిలింది" అన్నారు.

పగిలిన మోరీలోంచి నీరు పునాదిలోకి ఇంకి, ఇటుకలు దానిని వత్తిలాగా పైకి పీల్చుకుంటున్నాయి. నీరు ఆరినచోట ఉప్పు మిగులుతోంది. మోరీ బాగుపడనిదే గోడ ఆరదు, గోడ ఆరనిదే రంగు నిలవదు. మా కుర్రవాళ్ళు మొహాలు వేలాడేశారు. బజ్జీల బండి ఆవిడ మాత్రం ఏమీ అనలేదు. అనకుండా అందరికీ తలా రెండు బజ్జీలు పెట్టింది. అంతకంటె పెద్ద దెబ్బ ఉంటుందా!

ఇక అర్జీలు. గోడమీద బొమ్మ వేయడానికి గోడ యజమాని ఒప్పుకోవాలి. అది సర్కారుదైతే సర్కారు ఒప్పుకోవాలి. అనుమతి లేకుండా బయటి గోడలమీద రాతలు రాసి పాడుచేయడాన్ని నిషేధిస్తూ 1997లోనే చట్టం వచ్చింది. ఎన్నికల నినాదాలు రాసేవాళ్ళు దానిని చదవలేదు గాని మేము చదివాం. మా పొడుగాటి గోడకు యజమానులు ముగ్గురన్నదమ్ములు, ఒకరు ఖైరతాబాదు, ఒకరు షికాగో, ఒకరు ఎవరితోనూ మాట్లాడరు. మూడో ఆయన సంతకానికి మా వారు నాలుగుసార్లు వెళ్ళారు. ఐదోసారి చాచా వెళ్ళగానే ఆయన ఒక్క మాట అడగకుండా సంతకం చేశారు. ఆయన తండ్రిగారి దుకాణం బోర్డు రాసింది చాచాయేనట.

మోరీ అర్జీ మాత్రం నేనే రాశాను. పందొమ్మిది రోజులు, మూడు తిరుగుళ్ళు, ఒకసారి భోజన విరామం, ఒకసారి 'సారు సైటుకు పోయిండు', మూడోసారి సారు. ఆయన పాపం మంచివాడే. అర్జీ చదివి, "మోరీ కోసమని అర్జీలు రోజూ వస్తయ్ మేడమ్. బొమ్మ కోసం మోరీ బాగుచేయమన్నది ఇదే మొదలు" అన్నాడు. వచ్చి చూశాడు. పనివాళ్ళు వచ్చారు. మోరీ బాగుపడింది. అది వేరే విషయమన్న పెద్దమనిషి, దగ్గర నిలబడి పని చేయించారు!

గోడ ఆరడానికి ఎండలున్న మూడు వారాలు వదిలాం. ఈలోగా డొల్ల గిలాబు రాల్చి కొత్త గిలాబు వేశాం. నలభై అడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు, అంటే 240 చదరపు అడుగులు. బయటిగోడలకు వాడే రంగు రెండు పూతలు వేస్తే లీటరుకు సుమారు యాభై అడుగులు వస్తుంది, కాబట్టి నేలరంగుకే ఐదు లీటర్లు. డిస్టెంపరు చవకే కాని మొదటి వానకు కాలవలో కలుస్తుంది. గల్లీ చివర ఒక పాత రాతిగోడ ఉంది. దానికి కూడా రంగు పూద్దామని కుర్రవాళ్ళు సరదాపడ్డారు. చాచా ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. సున్నపు గారతో కట్టిన రాతిగోడ గాలి పీల్చుకోవాలి. రంగుతో మూస్తే లోపలి చెమ్మ లోపలే ఉండి గారను తినేస్తుంది. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్టును 2018 నుంచి రెండేళ్ళు బాగుచేసి 2020 ఆగస్టులో మళ్ళీ తెరిచారు గదా. ఆ రాతి అందమంతా రాతిదే, దానికి మనం పూయవలసినది ఏమీ లేదు.

ఏ బొమ్మ వేయాలన్న చర్చలో స్నేహాలు కొంచెం దెబ్బతిన్నాయి. పెద్దవాళ్ళంతా చార్మినారు అన్నారు. బిస్కట్టు డబ్బామీద, సిమెంటు బస్తామీద, బస్సు మీద, ఎక్కడ చూసినా చార్మినారే, ఇక్కడ కూడానా అని నేను అడ్డుపడ్డాను. సెల్‌ఫోను దుకాణం అబ్బాయి రెండు పెద్ద రెక్కలు వేద్దామన్నాడు, మధ్యలో నిలబడి ఫోటో తీసుకుంటే దేవదూతలాగా కనిపిస్తారట. మా బొమ్మల అమ్మాయికి వైకుంఠంగారి తెలంగాణ స్త్రీలంటే ప్రాణం, ఆ పెద్ద బొట్టూ ఆ రంగుచీరలూ. అవి ఆయనవి తల్లీ, నీవి నువ్వు వెయ్యి అన్నాను. రెండురోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు కాగితం తెచ్చింది. మా ఇస్త్రీ బండి, ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పాతపుస్తకాలు పరుచుకుని అమ్మేవారు, నుమాయిష్‌లో పిల్లల రైలు, దాన్నిండా మా గల్లీ జనం. బజ్జీల ఆవిడ ఇంజను దగ్గర నిలబడి జెండా ఊపుతున్నది. అందరికీ నచ్చింది.

నుమాయిష్ అంటే గుర్తొచ్చింది. పండుగ చేయడం మా నాంపల్లికి కొత్తేమీ కాదు. ఉస్మానియాలో చదివిన పట్టభద్రుల సంఘంవారు 1938లో పబ్లిక్ గార్డెన్సులో ఆ ప్రదర్శన పెట్టారు. రెండున్నర రూపాయల మూలధనంతో మొదలైందని చెప్పుకుంటారు. ఈనాడు జనవరి 1న తలుపులు తెరిస్తే నెలన్నరపాటు మా పేటలో నడవడానికి చోటుండదు. దాని మీద వచ్చిన ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీవారు విద్యాసంస్థలు నడుపుతున్నారు, మైదానంలోనే ఉన్న వనితా మహావిద్యాలయ వాటిలో ఒకటి. మా పండుగ డిసెంబరు రెండో ఆదివారం పెట్టుకున్నది కూడా నుమాయిష్ రద్దీకి ముందే అయిపోవాలనే.

డబ్బు సంగతి శాంటా బార్బరా కిటుకు తీర్చింది. గల్లీ నేలను నాలుగడుగుల గళ్ళుగా సుద్దతో గీసి, గడికి యాభై రూపాయలు పెట్టాం. కిరాణా కొట్టు ఆయన మూడు గళ్ళు కొన్నాడు. రంగు దుకాణంవారు రెండు డబ్బాలు ఊరికే ఇచ్చారు. షికాగో అన్నగారు పంపినది చాలామటుకు గిలాబుకు సరిపోయింది.

పండుగనాడు తెల్లవారుజామున నాలుగున్నరకే ఆడవాళ్ళు సాన్పు చల్లి గళ్ళల్లో ముగ్గులు మొదలుపెట్టారు. పదిహేను చుక్కలు ఒకటి వచ్చేవరకూ పెట్టి తీగ చెయ్యెత్తకుండా తిప్పే పెద్దమ్మ ఒకామె మా గల్లీలో ఉన్నదని నాకు ఆనాటివరకూ తెలియదు. మూడిళ్ళ అవతలి ముస్లిం అమ్మాయిలు, మాకు ముగ్గు రాదే అన్నారు. చేతులకు పెట్టుకునే మెహందీ తీగలనే నేలమీద పిండితో పెట్టమన్నాను. పెద్దమ్మ పనిమానుకుని వాళ్ళ గడి దగ్గర నిలబడి చూసింది. చూసి, "ఇది చుక్కలు లేకుంటనే ఎట్ల నిలబడ్డదే!" అన్నది.

పొడుగాటి గోడను అమ్మాయీ కుర్రవాళ్ళూ ముందురోజే గళ్ళు కొట్టి ఉంచారు. కాగితం మీద అంగుళం గడి గోడమీద అడుగు గడి అవుతుంది. నూలుదారానికి నీలం పట్టించి, రెండు కొసలూ బిగబట్టి, మధ్యలో లాగి వదిలితే ఫట్టుమని తిన్నని గీత పడుతుంది. ఆ ఫట్టు కోసం గల్లీ పిల్లలంతా వరుస కట్టారు. దేవుళ్ళ పలకలను ఎవరూ కదపలేదు. రైలు వాటి కిందుగా పోయింది, నాలుగు దేవాలయాలున్న కొండ పక్కగా పోతున్నట్టు.

చాచాకు ఇచ్చింది మూలగోడ. ఏం రాస్తారో మాకు చెప్పలేదు. మణికట్టు కింద ఆనుకోవడానికి ఒక కర్ర, దాని కొసకు గుడ్డ ఉండ. మొదటి గీత వణికింది. రెండోదీ కొంచెం వణికింది. మూడో గీత నుంచి కుంచె ఆయన మాట విన్నది. ఎడమనుంచి తెలుగు, కుడినుంచి ఉర్దూ. రెండు లిపులూ ఎదురెదురుగా నడిచి వచ్చి మధ్యలో కలుసుకున్నాయి. ప్యాలెస్ టాకీస్. జమరుద్ మహల్. సాగర్ టాకీస్. మా పేటలో ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేని సినిమా హాళ్ళ పేర్లు, ఒక్కొక్కటీ ఆనాటి బ్యానర్ల తరహాలో, నీడతో, మెరుపుగీతతో. తెలుగు అక్షరానికి ఆయన తలకట్టు ఆఖరున పెడతారు. వరుస మొత్తం రాసి, వెనక్కి రెండడుగులు వేసి చూసి, అప్పుడు కుడిచేత్తో వరసగా తలకట్లు పెట్టుకుంటూ పోతారు, పెళ్ళిపందిట్లో పిల్లలకు బొట్లు పెట్టినట్టు. నేను ఇన్నేళ్ళుగా నల్లబల్ల మీద రాస్తున్నాను. అక్షరం రాయడం అంటే అది అని ఆవేళ చూశాను.

మా ఇంజనీరు అబ్బాయి ఫోనులో ఏదో వెతికి నాకు చూపించాడు. స్టార్ట్ ఇండియా పెట్టినవారిలో ఒకడైన హనీఫ్ కురేషీ, 2024లో చిన్నవయసులోనే పోయాడు, దేశమంతా తిరిగి బోర్డులు రాసేవారి అక్షరాలను సేకరించి, వాటిని కంప్యూటరు అక్షరాలుగా మార్పించి, ఆయా పెయింటర్ల పేర్లే వాటికి పెట్టాడట. "మేడమ్, మన పోస్టరుకు నేను వాడినది ఇటువంటి అక్షరమే. ఎవరో పెయింటరు చేతిది. చాచా ఇక్కడుండగా కంప్యూటర్లో వెతికాను" అన్నాడు. జాబితా రాసిన నేను వాణ్ణి ఏమని మందలించను?

మధ్యాహ్నానికి దర్గాకు పోయేవాళ్ళు, స్టేషనుకు పోయేవాళ్ళు, మెట్రో దిగినవాళ్ళు ఆగి చూడసాగారు. తెల్లగడ్డం పెద్దాయన ఒకరు జమరుద్ మహల్ పేరు ముందు నిలబడి, తాను బాల్కనీలో చూసిన సినిమాల పేర్లు ఒకటొకటిగా చెబుతూ పోయారు. వినడానికి పదిమంది చేరారు. గడపల్లో కూర్చున్నవాళ్ళను జరగమని మాత్రం ఎవరినీ అననివ్వలేదు. ఆ కాపలా ఉద్యోగం మా వారిది.

సాయంత్రానికి ముగ్గులు చెదిరాయి. జనవరిలో నుమాయిష్ జనం తోపులాటకు రైలు చివరి పెట్టె దగ్గర మురికి పట్టింది. మార్చిలో ఎవరో ట్యూషన్ సెంటరు కాగితం సరిగ్గా సాగర్ టాకీస్ మీద అంటించి పోయారు. చాచా ఉదయమే తడిగుడ్డతో వచ్చి, అంచులు నానబెట్టి, రంగు లేవకుండా దాన్ని ఊడదీశారు. మోరీ మళ్ళీ పగలలేదు, గోడకు ఉప్పు పూయలేదు.

స్తంభానికి కట్టిన జాబితాను నేను చించి కొత్తది రాద్దామనుకున్నాను. చాచా వద్దన్నారు. ఇప్పుడు ఆదివారం పొద్దున మా అరుగుమీద ఐదుగురు పిల్లలు పలకలు పట్టుకుని ఆయన దగ్గర అక్షరాలు దిద్దుతున్నారు. 'ళ' అందరినీ ఏడిపిస్తోంది. మొన్న పాఠం మధ్యలో బజ్జీల ఆవిడ వచ్చి తన బండికి పేరు రాయమన్నది. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, రేకు తట్టి చూసి, రేటు చెప్పారు. "చాచా, గల్లీదాన్ని, నాకు సుత అంతేనా!" అని ఆవిడ. "అక్షరానికి గంతే" అని ఆయన. నేను కాలేజీకి బయలుదేరేసరికి బేరం ఇంకా తెగలేదు.